పెద్దక్క బల్ల మీద బుట్ట

పోయిన వారం పెద్దక్కని గొడుగుల ఫ్యాక్టరీ గేటు బయట వదిలేసి వచ్చాం. సన్నగా వాన పడుతోంది, ఆవిడ చేతిలో గొడుగు లేదు. పొద్దస్తమానం గొడుగులు కుట్టే మనిషికి గొడుగు లేకపోవడమేమిటని నవ్వకండి. గొడుగు కోసం వెనక్కి వెళ్ళి వచ్చేంత తీరిక ఉన్న పని మీద రాలేదు ఆవిడ.

అంతకుముందు జరిగింది మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే పుస్తకం చేతికందినవాళ్ళకీ నాలుగు మాటలు చెప్పాలి. ఆ ఊళ్ళో ఒకప్పుడు నూలు మిల్లు ఉండేది, కాగితం మిల్లు ఉండేది, సీసాల కార్ఖానా ఉండేది. ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. పొద్దున్నే మోగే సైరన్లలో ఇప్పుడు మిగిలింది గొడుగుల ఫ్యాక్టరీదొక్కటే. దాని యజమానిని అందరూ చిన్న సార్ అంటారు. ఆయనకి అరవై దాటాయి గానీ, తండ్రిని పెద్ద సార్ అనేవాళ్ళు కాబట్టి ఈయన జన్మంతా చిన్న సారే. ఆయన దగ్గర ఆర్డర్లు తగ్గిపోయాయి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. పని తగ్గినా సరే, మనుషుల్ని తీసెయ్యకుండా ఉంచుకుంటే, పని మళ్ళీ పుంజుకునేదాకా వాళ్ళ జీతంలో సగం ప్రభుత్వం ఇస్తుంది. చిన్న సార్ దరఖాస్తు పెట్టాడు. నిజంగానే ఇక్కడ ఉద్యోగాలు ప్రమాదంలో ఉన్నాయో లేదో చూసి వెళ్ళడానికి ఆఫీసరమ్మ వచ్చింది.

వచ్చేది పెద్ద ఆఫీసరని తెలిశాక మన కుట్టు షెడ్డు వాళ్ళు ఏం చేశారు? నేల కడిగారు. ఉతికిన బట్టలు వేసుకున్నారు. ఆవిడ ఉన్నంతసేపూ తలెత్తకుండా కుట్టారు. ఒక్క బల్ల ఖాళీగా లేదు, ఒక్క చెయ్యి ఆగలేదు. ఆవిడ అంతా తిరిగి చూసి, ముచ్చటపడి, చిన్న సార్‌తో, "మీ దగ్గర ప్రమాదంలో ఉన్న ఉద్యోగం ఒక్కటి కూడా నాకు కనబడలేదండీ" అని శుభవార్త చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది. షెడ్డులో నోరు ఆగని కబుర్ల పిన్ని చప్పట్లు కూడా కొట్టింది. చిన్న సార్ ముఖం చూశాక ఆపేసింది.

సాయం రాకపోతే సగం షెడ్డుని ఇంటికి పంపక తప్పదని ఆయన ఎప్పుడో చెప్పాడు. అందుకే షెడ్డుకి పెద్దదిక్కయిన పెద్దక్క ఆఫీసరమ్మ వెనక పరుగెత్తింది.

బస్సు ఇంకా రాలేదు. ఆఫీసరమ్మ స్టాపులో నిలబడి తన గొడుగుతో కుస్తీ పడుతోంది. ఒక మూల గుడ్డ ఊచ కొస నుంచి ఊడిపోయి, తడిసిన కోడి రెక్కలా వేలాడుతోంది. పెద్దక్క రొప్పుతూనే ఆ గొడుగు అందుకుంది. తిప్పి చూసి, "మా ఫ్యాక్టరీది కాదు" అంది. అది ఫిర్యాదో, ఊరడింపో ఆఫీసరమ్మకి అర్థం కాలేదు. పెద్దక్క రవిక చేతి అంచున ఎప్పుడూ దారంతో సహా గుచ్చి ఉండే సూది తీసి, బెంచీ మీద కూర్చుని, ఊడిన మూల కుట్టడం మొదలుపెట్టింది. చేతులు పనిలో పడితే గానీ ఆవిడకి నోరు పెగలదు.

"మీరు ఇందాక చూసింది నిజం కాదండీ మేడమ్."

"అంటే?"

"అబద్ధం కూడా కాదనుకోండి. మా షెడ్డులో పెద్ద సార్ నాటి నుంచీ ఒక పద్ధతుంది. ఒక్కో దుకాణం ఆర్డరు ఒక్కో బల్లకి. ఏ ఏడు చూసినా ఆ దుకాణానికి ఆ చేతి కుట్టే వెళ్ళాలి. అన్నీ నల్ల గొడుగులే కాబట్టి కలిసిపోకుండా బుట్టలకి గుడ్డ పీలికలు కడతాం. పసుపు పీలిక కొసల తాతది, ఎరుపు కబుర్ల పిన్నిది, ఆకుపచ్చ నాది, అలాగన్నమాట."

"సరే."

"ఆర్డర్లు తగ్గడం మొదలైనప్పుడు ముందు తాత బుట్ట తేలికైంది. మధ్యాహ్నానికల్లా అయిపోయి, పాపం ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదండీ. నా బుట్టలో సగం ఆయన బల్ల మీద పెట్టి, పీలిక మార్చి కట్టేశాను. ఆ తర్వాత అందరికీ అదే అలవాటైంది. ఎవరి చెయ్యి ఖాళీ అయితే పక్కవాళ్ళు సర్దుతారు. అందుకే మీకు ఎవరూ ఖాళీగా కనబడలేదు."

ఆఫీసరమ్మ ముఖం ముడుచుకుంది. "అంటే నేను వస్తున్నానని నా ముందు నాటకమాడారా?"

"అయ్యో, నాటకం కాదండీ. మీరు రాకపోయినా అంతే. రోజూ అంతే."

బస్సు వచ్చి ఆగింది. ఆఫీసరమ్మ ఎక్కలేదు. చల్లని మనిషే, కాకపోతే నాలుగు ఊళ్ళు తిరిగి అలసిపోయి ఉంది. బస్సు వెళ్ళిపోతుంటే దాని వైపు ఒకసారి ఆశగా చూసి, బెంచీ మీద పెద్దక్క పక్కన కూర్చుంది.

"చూడండమ్మా, మీ మంచితనం నాకు అర్థమైంది. కానీ నేను మంచితనాన్ని రాసుకెళ్ళలేను. పని తగ్గిన కొలువుకి సాయం ఉంది. పని పూర్తిగా పోయిన కొలువుకి ఈ పథకం లేదు. మూడు నెలలు దాటి ఒక్క ఆర్డరూ రాని బల్ల ఉంటే అది పోయిన కింద లెక్క. ఆ మనిషి పేరు పక్క వీధి ఆఫీసుకి పంపాలి."

పక్క వీధి ఆఫీసంటే ఆ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పని పోయినవాళ్ళు పేరు రాయించుకునే చోటది. నూలు మిల్లు మూతపడ్డప్పటి నుంచి పెద్దక్క తోటికోడలు వారం వారం వెళ్ళి అక్కడ వరసలో నిలబడుతోంది. ఒకప్పుడు వీధి చివర ఉండగానే నవ్వు వినిపించే మనిషి, ఇప్పుడు ఎదురుపడినా చూడనట్టు పోతుంది.

"మా దగ్గర అలాంటి బల్ల లేదండీ" అంది పెద్దక్క ధీమాగా. "అందరికీ తగ్గింది గానీ ఎవరికీ పోలేదు."

"అయితే రేపు పొద్దున మళ్ళీ వస్తాను. సర్దుబాట్లేవీ వద్దు. ఎవరి పీలిక కట్టిన బుట్ట వాళ్ళ ముందే ఉండాలి. పని లేనివాళ్ళు లేనట్టే కూర్చోవాలి. ఒక్క బల్ల గురించి తప్పు చెప్పారని తేలినా మొత్తం దరఖాస్తు కొట్టేస్తారు. తర్వాత నేను మొత్తుకున్నా వినరు."

పెద్దక్క దారం కొరికి, గొడుగు విప్పి, రెండుసార్లు దులిపి ఆవిడ చేతిలో పెట్టింది. "రేపు మీరే చూద్దురుగాని" అంది. ఆ క్షణంలో ఆవిడంత నిశ్చింతగా ఉన్న మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు.

*

ఇంటికొచ్చేసరికి మేస్త్రీ ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

మేస్త్రీ అంటే పెద్దక్క భర్త, ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే మేస్త్రీ. ఆయన కత్తిరించిన ముక్కలే బుట్టల్లోకి ఎక్కి, తోపుడు బండి మీద కుట్టు షెడ్డుకి వస్తాయి. గొడుగుకి ఎనిమిది ముక్కలు కోసీ కోసీ ఆయనకి చెయ్యి అలా తిరిగిపోయింది. ఉల్లిపాయని కూడా ఎనిమిది ముక్కలే చేస్తాడు. ఇక ఆయన నోటి సంగతంటారా, పెళ్ళయిన నాటి నుంచి దాంట్లోంచి ఎక్కువసార్లు వచ్చిన మాట "సరే". షెడ్డులో వాళ్ళు ఏడిపిస్తారు గానీ ఆయన ఏమీ అనుకోడు. ఆ మాట అన్నాక ఆవిడ ముఖం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు, వాళ్ళకి తెలియదు.

పెద్దక్క బస్‌స్టాపు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతుండగానే కత్తి చప్పుడు ఆగిపోయింది.

"రేపు ఎవరి బుట్ట వాళ్ళకేనా?" అన్నాడు.

"మరి? మీరు బండిలో సర్దేటప్పుడే ఏ పీలిక బుట్టలో ఏది వెయ్యాలో అదే వెయ్యండి. ఒక్క ముక్క అటూ ఇటూ కాకూడదు."

ఆయన మళ్ళీ కత్తి ఆడించాడు. ఆ ఉల్లిపాయ తొమ్మిది ముక్కలైంది.

"రేపు నువ్వు ఇంట్లో ఉండిపో" అన్నాడు కాసేపటికి. "వానలో తడిశావు. జ్వరమొచ్చేట్టుంది."

"నాకేం జ్వరం లేదు."

"లేకపోతే మీ చెల్లెలింటికి వెళ్ళిరా. రమ్మని ఎన్నాళ్ళనుంచో అంటోంది కదా."

పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా చెల్లెలి మీద ప్రేమ ఈ పూటే పొంగిందా? పోయినసారి అది వస్తే మీరు దొడ్లో కూర్చుని ఉన్న కత్తెరలన్నీ సాన పెట్టుకున్నారు."

"సాన అంటే గుర్తొచ్చింది. నీ కత్తెర మొద్దుబారింది. అది లేకుండా నువ్వేం చేస్తావు గానీ..."

"ఏమండీ." పెద్దక్క గొంతు మెత్తబడింది. ఆయన పక్కన పీట లాక్కుని కూర్చుంది. "మీకు భయంగా ఉంది. నాకు తెలుసు. తాత బుట్ట చిన్నదని, పిన్ని బుట్ట చిన్నదని పదిమందిలో బయటపడుతుందని మీ బాధ. నాకు మాత్రం బాగుంటుందా? కానీ ఒక్క పూట సిగ్గుపడితే అందరూ ఒడ్డున పడతారు. నేను దగ్గర లేకపోతే వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోగలరా? నేనుండాలి. మీరు సరే అనండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ, ఉల్లిపాయలు తరిగే మనిషిని ఎందుకు ఏడుస్తున్నావని ఎవరడుగుతారు?

"సరే" అన్నాడు.

*

ఖాళీగా కూర్చోవడం ఎంత కష్టమో ఎప్పుడూ కూర్చోనివాళ్ళని అడగాలి.

మర్నాడు పొద్దున సైరన్ మోగకముందే పెద్దక్క షెడ్డు మధ్యలో నిలబడి అందరికీ చెప్పింది. ఇవాళ సర్దుకోవడాలు లేవు. పని అయిపోయినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. చీపురు పట్టుకోకూడదు. మిషన్‌కి నూనె వెయ్యకూడదు. పక్క బల్ల వైపు చెయ్యి చాపకూడదు.

"మాట్లాడచ్చా?" అంది కబుర్ల పిన్ని.

"నువ్వు మాట్లాడకుండా ఉంటే ఆఫీసరమ్మకి అనుమానమొస్తుంది. మాట్లాడు."

ఎవరూ నవ్వలేదు. మామూలుగా అయితే పిన్నే అందరికన్నా ముందు నవ్వేది. పెద్దక్కకి అది కాస్త వింతగా అనిపించింది గానీ, భయపడుతున్నారులే అనుకుంది.

ఆఫీసరమ్మ వచ్చింది. చేతిలో అదే గొడుగు. చిన్న సార్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక నుంచి తోపుడు బండి చక్రాల కిరకిర వినిపించింది. ఆ బండి రోజూ తోసేది స్టోరు మనిషి. ఇవాళ మేస్త్రీయే తోసుకొస్తున్నాడు.

మొదటి బల్ల కొసల తాతది. ఆయన గొడుగు మూల కుట్టాడంటే గాలివాన వచ్చినా కొస జారదు, అందుకే ఆ పేరు. మేస్త్రీ పసుపు పీలిక కట్టిన బుట్ట దించాడు. అడుగున నాలుగు గొడుగులకి సరిపోయే ముక్కలున్నాయి. తాత వాటిని తీసి బల్ల మీద పరిచి, మళ్ళీ దొంతర పెట్టి, మళ్ళీ పరిచాడు. ఎరుపు పీలిక బుట్ట కబుర్ల పిన్ని ముందుకి వచ్చింది. అదీ అంతంతమాత్రమే. తర్వాత కొత్త కోడలు. ఆ పిల్ల ఈ ఊరికి కోడలిగా వచ్చి ఇద్దరు పిల్లల్ని బడికి పంపుతున్నా షెడ్డులో ఇంకా కొత్త కోడలే. ఆమె బుట్ట సగానికి ఉంది. అలా ఒక్కో బల్ల దగ్గరా బండి ఆగుతూ వస్తోంది. ఆఫీసరమ్మ చూస్తోంది, రాసుకుంటోంది. ఇన్నాళ్ళూ ఒకరి చేతిలోది ఒకరు కప్పుకుని దాచుకున్న లేమి అంతా పట్టపగలు బల్లల మీద బయటపడింది.

పెద్దక్కకి ఒక పక్క గుండె పిండినట్టుంది, ఇంకో పక్క హమ్మయ్య అనిపించింది. ఇంతకన్నా రుజువేం కావాలి? తాత అప్పుడే ఒక గొడుగు ముగించి, అలవాటు కొద్దీ పక్క బల్ల వైపు చెయ్యి చాపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక మోకాలి మీద పెట్టి, దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. ఆఫీసరమ్మ కూడా అది చూసింది.

బండి పెద్దక్క బల్ల ముందు ఆగింది.

మేస్త్రీ దించలేదు. పెద్దక్క ఎదురుచూసింది. ఆయన బండి కర్ర పట్టుకుని చక్రాల వైపు చూస్తున్నాడు.

"నా బుట్టండీ" అంది.

ఆయన వంగి, బాగానే ఉన్న చక్రాన్ని ఒకసారి సరిచేశాడు.

"ఏమండీ, నా బుట్ట అక్కడే మరిచిపోయి వచ్చినట్టున్నారు" అని ఆవిడే వంగి బండిలోకి చూసింది. మూలన ఒకే ఒక్క బుట్ట ఉంది. పిడికి ఆకుపచ్చ పీలిక కట్టి ఉంది. లోపల ఒక్క ముక్క కూడా లేదు.

పెద్దక్కకి వెంటనే అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కన్నా, అర్థమవడానికి వచ్చినదాన్ని మనసు గుమ్మంలోనే ఆపేసింది అనాలి. ఆవిడ షెడ్డు వైపు తిరిగింది. ఒక్కరూ తలెత్తలేదు. కొత్త కోడలు మిషన్ చక్రానికి నుదురు ఆనించేసింది. కబుర్ల పిన్ని మాట్లాడటం లేదు. ఆ పిన్ని నోరు మూతపడితేనే ఏదో మునిగిందని ఆ ఫ్యాక్టరీలో పిల్లికి కూడా తెలుసు.

"ఎప్పట్నుంచి?" అంది పెద్దక్క.

పిన్ని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నిన్నా మొన్నా నేను కుట్టినవి ఎవరివి?"

"నావి" అంది పిన్ని ఏడుస్తూ. "మొన్నటివి నావి. నిన్నటివి ఇదిగో, ఈ పిల్లవి. అంతకుముందు తాతవి. వంతులు పెట్టుకున్నాం అక్కా. పీలిక మార్చడం మేస్త్రీ అన్నయ్య చూసుకునేవాడు."

అప్పుడు గుర్తొచ్చాయి పెద్దక్కకి ఒక్కొక్కటే. మధ్యాహ్నం కాగానే తలనొప్పంటూ ఇంటికెళ్ళిపోయే పిన్ని. పిల్లాడికి ఒంట్లో బాగాలేదంటూ మూడు గంటలకే లేచిపోయే కొత్త కోడలు. "ఆర్డర్లు లేని రోజుల్లో ఉన్న పని కూడా చెయ్యబుద్ధి కాదా మీకు?" అని అందరి ముందూ వాళ్ళని దులిపేసింది తను. ఇద్దరూ తలొంచుకుని పడ్డారు. వాళ్ళ పనంతా తెచ్చి తన ముందు పెట్టి, పని దొంగలన్న మాట కూడా తామే మోశారు. తను మాత్రం షెడ్డునంతా తన బుట్టతో సాకుతున్నానని రోజూ రాత్రి కడుపులో చల్ల కదలకుండా పడుకుంది.

ఆవిడకి కోపమొచ్చింది. అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆ రెంటినీ మించి వాళ్ళందరి మీదా ప్రేమ ముంచుకొచ్చింది.

"నాతో ఒక్కరు చెబితే ఏం పోయేది తాతా?"

కొసల తాత తన ఖాళీ చేతుల వైపే చూస్తూ అన్నాడు. "ఆ రోజు నువ్వు నా బల్ల మీద సగం బుట్ట పెట్టావు. ఇదెక్కడిదమ్మా అని నేనడిగానా? నువ్వు చెప్పావా? పెట్టినదానివి, పెడితే పుచ్చుకోవాలి కూడా కదమ్మా."

పెద్దక్క భర్త వైపు తిరిగింది. నిన్న సాయంత్రపు జ్వరం, చెల్లెలిల్లు, మొద్దుబారిన కత్తెర, తొమ్మిది ముక్కలైన ఉల్లిపాయ, అన్నీ ఒక్క వరసలో వచ్చి నిలబడ్డాయి. ఆర్డరు కాగితాలు ముందు చూసేది ఆయనే. తన బల్లకి ఆర్డరిచ్చే దుకాణం మూతపడిన సంగతి ఆయనకి మొదటి రోజే తెలుసు. అయినా ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, ఆవిడ షెడ్డు కబుర్లు చెబుతుంటే ఊఁ కొట్టాడు.

ఇంతసేపూ పక్కకి తప్పుకుని నిలబడిన ఆఫీసరమ్మ ముందుకొచ్చింది. అడగక తప్పని ప్రశ్న అడగబోయే మనిషిలా ఉంది.

"మేస్త్రీగారూ, ఈ బల్లకి ఆఖరి ఆర్డరు ఎప్పుడొచ్చింది?"

మూడు నెలలు. ఆ గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. నిన్న బస్‌స్టాపులో విన్నదంతా పెద్దక్కే పొద్దున వాళ్ళకి చెప్పింది. మేస్త్రీ నోరు తెరిచాడు. "పోయిన..." అన్నాడు. ఆగాడు. గుమ్మంలో చిన్న సార్ కళ్ళు మూసుకున్నాడు. పోయిన నెల అని ఒక్క అబద్ధం ఆడితే పెద్దక్క బల్ల ఉంటుంది. ఆ అబద్ధం బయటపడితే ఒక్క బల్లా ఉండదు. ఆర్డరు కాగితాలు అక్కడే, పక్క గదిలోనే ఉన్నాయి, ఎవరైనా తీసి చూడవచ్చు.

"ఆయన్ని అడక్కండి మేడమ్" అంది పెద్దక్క. "ఆయనకి అబద్ధాలు చేతకావు. ఇన్నాళ్ళూ నాతో ఆడింది కూడా ఎలా ఆడారో ఏమో." కళ్ళు తుడుచుకుంది. "వానాకాలం మొదట్లో ఒకరోజు ఈయన అన్నం తినకుండా పడుకున్నారు. అడిగితే కడుపు బాగాలేదన్నారు. ఆ రోజే అయ్యుంటుంది. అంటే నాలుగు నెలలు దాటింది. అవునా కాదా?"

మేస్త్రీ తలొంచుకున్నాడు. ఔనన్నట్టా, చూడలేకనా చెప్పడం కష్టం.

పెద్దక్క వంగి ఖాళీ బుట్టకున్న ఆకుపచ్చ పీలిక విప్పింది. గట్టి ముడి, ఆయన వేసిన ముడి. గోరుతో లాగితే గానీ రాలేదు. దాన్ని మడిచి ఆఫీసరమ్మ చేతిలో పెట్టింది.

"రాసుకోండి. తగ్గిన బల్లలన్నీ మీరే చూశారు. ఇది తగ్గింది కాదు, పోయింది. వీళ్ళకి రావలసింది రానివ్వండి. పక్క వీధి నాకు తెలుసు. మా తోటికోడలు అక్కడే ఉంటుంది, నాకోసం వరసలో కాస్త చోటుంచుతుంది."

ఆ చివరి మాట తేలిగ్గా అందామనుకుంది. అలా రాలేదు. ఆఫీసరమ్మ పీలికని చాలాసేపు చూసి, కాగితం మీద కలం పెట్టింది.

అప్పుడు బల్ల మీద ఏదో బరువైనది పెట్టిన చప్పుడైంది.

మేస్త్రీ కత్తెర అది. పెద్ద సార్ చేతుల మీదుగా అందుకున్న కత్తెర, మూరెడు పొడవున్నది, ఇంకొకళ్ళ చేతికి ఎప్పుడూ ఇవ్వనిది. ఆ ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే చెయ్యి ఆ ఒక్కటే. ఇంకొకరికి నేర్పుదామని చిన్న సార్ ఏటేటా అనుకుంటూనే ఉన్నాడు. మేస్త్రీ దాన్ని ఆఫీసరమ్మ కాగితాల పక్కన, పిడి ఆవిడ వైపు ఉండేలా పెట్టాడు.

"ఆ బల్ల పోయిందని రాస్తే, దీన్ని కూడా రాసుకోండి" అన్నాడు.

"మేస్త్రీగారూ." ఆఫీసరమ్మ కలం ఎత్తేసింది. "మీరు కత్తిరించకపోతే వీళ్ళలో ఎవరికీ బుట్ట రాదు. అప్పుడు నేను రాయడానికి ఏ బల్లా మిగలదు."

"నాకు తెలుసండీ."

కొసల తాత లేచి నిలబడ్డాడు. చిన్న సార్ గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వేసి, ఎవరితో ఏం మాట్లాడాలో తోచక ఆగిపోయాడు. పెద్దక్క భర్త దగ్గరికి వెళ్ళింది. పదిమందిలో ఉన్నామన్న సంగతి మరిచిపోయి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

"పిచ్చి పని చెయ్యకండి. వీళ్ళందరి నోటి దగ్గర కూడు అది. కత్తెర తియ్యండి. తీసి, సరే అనండి."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు, నిన్న సాయంత్రం చూసినట్టే. ఆ చూపులో కోపం లేదు, పంతం లేదు. తర్వాత మెల్లగా తల అడ్డంగా తిప్పి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడతో, "కుదరదు" అన్నాడు.